ముక్కు మూసి చెబితే

"మా పాప పేరు కొట్టెయ్యండి మేడమ్. ఇక రాదు."

స్పీచ్ థెరపిస్టు రిజిస్టరులోంచి తలెత్తింది. తల్లి లేని ఆ పాపను రెండేళ్ళుగా పెంచుతున్న సవతి తల్లి, ఈసారి ఒక్కతే వచ్చింది.

"ముందు కూర్చోమ్మా. అంగిలి ఆపరేషనై మూడు నెలలే కదా! ఇప్పుడిప్పుడే దారిలో పడుతోంది."

ఆమె కూర్చోలేదు. "మీరే చెప్పారుగా, గాలంతా ముక్కులోంచి పోతోంది, దాని నోట్లో 'బ' కూడా 'మ' అవుతుందని. వాళ్ళ బాబాయిని 'మామాయి' అంటుంటే పడీపడీ నవ్వేవాళ్ళం."

"అవును. అయితే?"

"వాళ్ళ నాన్న పిన్ని అని పిలవమన్నారు. ఇదేమో నేను జడ వేస్తున్నప్పుడల్లా 'అమ్మ' అనేది. పొంగిపోయి ఇంటింటికీ చెప్పుకున్నాను. మీ మాట విన్నాక అనుమానం పట్టుకుంది. నిన్న జడ వేస్తుంటే మళ్ళీ అంది. ముక్కు మూసి, ఇప్పుడను అన్నాను."

"ఏమంది?"

"'అబ్బ' అంది. చిక్కు తీస్తే నొప్పెట్టి అబ్బ అంటోంది మేడమ్! నేనేమో అమ్మనైపోయాననుకున్నాను."

థెరపిస్టు పెన్ను కింద పెట్టింది.

"నీ ముక్కు గట్టిగా మూసుకుని 'అమ్మ' అను."

"నేనా?"

"ఊఁ, అను."

ఆమె రెండు వేళ్ళతో ముక్కు నొక్కుకుంది. "అబ్బ." కంగారుగా మళ్ళీ అంది. "అబ్బ... అబ్బ..."

"'మ' ముక్కుతో పలికే అక్షరమమ్మా. ముక్కు మూస్తే ఎవరన్నా అంతే, నేనన్నా అంతే. మొన్న నువ్వు వరండాలో ఉంటే కిటికీలోంచి చూపించి, ఎవరు అనడిగాను. 'అమ్మ' అంది. అప్పుడు దాని జడ ఎవరూ లాగలేదు."

ఆమె చెయ్యి మెల్లగా ఒళ్ళోకి జారింది. ఎప్పుడు కూర్చుందో ఆమెకే తెలియదు.

"రేపు తీసుకురా. పాపేది?"

"ఎప్పట్నించో పాపను అడుగుతున్న వాళ్ళమ్మమ్మతో పొద్దున పంపించేశాను. ఇక అక్కడే ఉంటుందని రాసిచ్చేశారు ఈయన. బస్సు కిటికీ పట్టుకుని 'అమ్మ, అమ్మ' అని ఒకటే ఏడుపు మేడమ్..."

ఆమె తన వేళ్ళ వంక చూసుకుంది.

"చువ్వల మధ్య వేలు నలిగిందేమో చూడండని ఆవిడ మీద అరిచాను."