గోల్‌పోస్టుకి గ్రీజు

శనివారం ఉదయం కాలేజీ ఫుట్‌బాల్ కోచ్ హాల్వర్సన్ నిచ్చెనెక్కి గోల్‌పోస్టుకి గ్రీజు పూస్తున్నాడు. అది కెప్టెన్ డారెల్ కంట పడింది.

"ఏంటి కోచ్ ఇది? ఓడీ ఓడీ మీరూ దొంగాటకి దిగారా? మీ ముందున్న కోచ్ ఉద్యోగం అలాగే ఊడింది."

"దీనికీ ఆటకీ సంబంధం లేదు. కిందున్న ఆ గుడ్డ ఇలా ఇయ్యి."

డారెల్ ఇవ్వలేదు. "మరి ఎవరికీ చెప్పకుండా పొద్దున్నే ఎందుకు?"

"ఇవాళ గెలిస్తే మన జనం ఊరుకుంటారా? ఎగబడి దీన్నెక్కి, విరిచి, ఊరంతా ఊరేగిస్తారు. జారితే ఎక్కలేరు. వచ్చే వారం ఆట కూడా ఇక్కడే."

"మూడేళ్లుగా మీ దగ్గర ఆడుతున్నా. ఈ మైదానంలో ఒక్కటీ గెలవలేదు. ఎప్పుడైనా పూశారా?"

"లేదు."

"ఎందుకని?"

"అవసరం పడదని తెలుసు." కోచ్ తిరిగి చూడకుండా పూస్తూనే ఉన్నాడు.

మూడేళ్లపాటు ప్రతి ఆటకి ముందూ "ఇవాళ మనదే" అని గొంతు చించుకున్న మనిషి ఇతనే. ఇవాళ ఆ మాటే అనలేదు.

డారెల్ గుడ్డ అందించి, కింద ఉన్న రెండో డబ్బా తీసుకున్నాడు.

"అవతలిదానికి నేను పూస్తాను కోచ్. మీరు మరీ పల్చగా పూస్తున్నారు."