వాసన చూసే డిటెక్టివ్

ఇల్లంతా వెతికాక బియ్యం డబ్బాలో దొరికిన తన సర్టిఫికెట్ల కవరును హిమజ ముక్కు దగ్గర పెట్టుకుంది. తను ఫోన్లో చూసే జపాన్ యానిమే కార్టూన్‌లో తిక్క డిటెక్టివ్ అన్నిటినీ ఇలాగే వాసన చూస్తాడు.

“మీ నాన్నే! నువ్వు రేపు హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరకూడదని, పొద్దున లారీ ఎక్కేముందు దాచుంటాడు,” అంది అమ్మ, మిరపకాయల తొడిమలు తీస్తూ.

హిమజ తుమ్మింది. కవరు నిండా మిరప ఘాటు.

“నాన్న స్టీరింగే తప్ప మిరపకాయ ముట్టడు. తొడిమలు తీసేది నువ్వొక్కదానివేగా అమ్మా?”

అమ్మ చేతులు ఆగాయి.

“నువ్వెళ్లిపోతే, ఆయన నా మీద చెయ్యెత్తినప్పుడు అడ్డొచ్చేదెవరే?”

దొంగ దొరకగానే ఆ డిటెక్టివ్ చక్కా వెళ్లిపోతాడు. హిమజ కవరుతో గడప దగ్గరే ఆగిపోయింది.