గిద్యోను బేస్‌మట్టం

"నా బేస్‌మట్టానికి వంక పెడతారా డాక్టరమ్మా?" అని గిద్యోను కుర్చీలోంచి దిగ్గున లేచాడు.

డాక్టర్ ఫేబీ చేతిలో పెన్ను గాల్లోనే ఆగిపోయింది. నెల్లూరు నుంచి ఆమె ఒక కొత్త మందును పరీక్షించడానికి వచ్చింది. ఒప్పుకోలు కాగితం మీద సంతకం పెట్టాల్సిన రోగుల్లో గిద్యోను ఆఖరివాడు. తాపీ మేస్త్రి. వాకాడు దాటాక సముద్రం ఒడ్డున ఉన్న ఆ పల్లెలో, ఆమె మకాం పెట్టిన చర్చి హాలు, దాని ముందు వరండా, వాటి కింద పునాది మీద ఎత్తిన బేస్‌మట్టం కూడా అతడు కట్టినవే. గిద్యోను కట్టిన గోడ దగ్గరికి వస్తే తుఫాను కూడా చెప్పులు బయట విడిచి, తలుపు తట్టి, ఎవరూ పలక్కపోతే తిరిగి వెళ్ళిపోతుందని అక్కడ ప్రతీతి. ఆ ప్రతీతి పుట్టించినవాడు కూడా గిద్యోనే.

"వంక కాదు మేస్త్రీ, ఉన్నమాట. లోపలున్న బేస్‌మెంటు పొర మందమైపోయింది. ఇట్లాగే వదిలేస్తే రెండేళ్ళలో మొత్తం పాడవుతుంది," అంది ఫేబీ.

ఆమె చెబుతున్నది అతడి కిడ్నీల గురించి. కిడ్నీ అన్నప్పుడల్లా అతడు కిటికీ చెక్కల వంక చూస్తూ కూర్చున్నాడు. బేస్‌మెంటు అన్నప్పుడు మాత్రమే చెవి ఇటు తిప్పాడు.

"మందంగా ఉంటే మంచిదే గదమ్మా! పల్చటి బేస్‌మట్టం ఎవురన్నా కడతారా?"

"ఇది పల్చగా ఉంటేనే మేలు. చక్కెర వల్ల మందమైంది."

"చక్కెరా! పాతకాలంలో గానుగ సున్నంలో బెల్లం కలిపేవోళ్ళు. నేను చిటికెడు కూడా కలపలా."

"పైగా ఉప్పు. మీ ఉప్పు సంగతి పరీక్షలో బయటపడింది."

ఉప్పు మాట వినగానే గిద్యోను మళ్ళీ కుర్చీలో కూలబడ్డాడు.

"అది కూడా... తెలిసిపోతుందా?"

"అన్నీ తెలుస్తాయి."

పక్కనే ఉన్న భార్య మగ్దలీనమ్మ మోచేత్తో పొడిచింది. "చెప్పెయ్యి. దేవుడి హాలు. ఇంకెన్నాళ్ళు కడుపులో పెట్టుకుంటావు?"

గిద్యోను తలగుడ్డ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఈ హాలు కట్టే నెల పెన్నలో వరదొచ్చిందమ్మా. సంగం నుంచి ఇసుక లారీలు రాలా. పాస్టరు అయ్యగారేమో గురువారం హాలు ప్రతిష్ఠ అని చెప్పేసినారు. సగం బేస్‌మట్టానికి పెన్న ఇసుకే కలిపినా. మిగతా సగానికి," అని సముద్రం వైపు చెయ్యి చూపించాడు, "ఒడ్డు మీదిది ఎత్తుకొచ్చి కలిపినా. ఉప్పు ఇసుక, కట్టడాన్ని లోపల్నుంచి తినేస్తది. పైన గచ్చు పడినాక రెండూ ఒకటే. ఏ సగం ఏదో నాకూ, ఆ ప్రభువుకూ మాత్రమే తెలుసు."

ఫేబీ కాళ్ళు తమంతట తామే నేల మీంచి జానెడు పైకి లేచాయి.

"మేస్త్రీ, నేను చెప్పేది మీ కిడ్నీల సంగతి."

"అది ముందే చెప్పొచ్చు గదా!"

"మూడుసార్లు చెప్పింది ఆ తల్లి. నువ్వు కిటికీకి చెప్పుకుంటోందని అనుకున్నావు," అంది మగ్దలీనమ్మ.

ఫేబీ మొదటి నుంచి మొదలుపెట్టింది. కిడ్నీ ఒక జల్లెడ. ఆ జల్లెడలో ఒక పల్చటి పొర. దాంట్లో కొల్లాజెన్ అనే మాంసకృత్తి అల్లుకుని అల్లుకుని దిట్టంగా పేరుకుపోతోంది. ఈ మందు ఆ అల్లికను ఆపుతుంది. ఎలుకల్లో ఆపింది. మనుషుల్లో చూడాలి.

"బాగా చెప్పినారు. ఇయ్యండి మాత్ర, పెడతా సంతకం. ఇంకో పదేళ్ళు తాపీ పట్టాలి నేను."

"ఒక్కమాట. మీ పాత మందులు ఎట్లాగూ ఆగవు. కొత్తది మాత్రం సగం మందికే. మిగతా సగానికి ఉత్త పిండి మాత్ర. చూడటానికి రెండూ ఒకటే."

గిద్యోను మొహం వెలిగింది. "అంటే మీది కూడా సగం ఒడ్డు ఇసుకేనా!"

ఫేబీ దగ్గింది.

"మరి నాకు ఏది ఇస్తుండారు?"

"నాకే తెలియదు. ఇచ్చేవాళ్ళకూ, పుచ్చుకునేవాళ్ళకూ తెలియకూడదు. అదే పద్ధతి."

"మా పనిలో కట్టినోడికన్నా తెలుస్తుందమ్మా."

"అయితే చెప్పండి, ఏ సగం ఉప్పుది?"

"పుచ్చుకునేవాళ్ళకు తెలియకూడదంట గదా, డాక్టరమ్మా," అని గిద్యోను కాగితం దగ్గరికి లాక్కుని నిదానంగా సంతకం పెట్టాడు.

ఫేబీ నవ్వింది. నవ్వుతూనే తన కుర్చీ, బల్ల, మాత్రల పెట్టె ఒక్కొక్కటిగా వరండాలోకి చేర్చింది. గాలికోసం అని చెప్పింది. గాలి అసలు లేదు.

మొదటి మాత్ర అక్కడే ఇచ్చింది. గిద్యోను దాన్ని వెలుతురుకు పట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు. ఏమీ తేలలేదు. మింగి, నీళ్ళు తాగి, గ్లాసు బల్ల మీద బోర్లించాడు. వరండా గచ్చును మడమతో రెండుసార్లు తట్టాడు.

"లోపలికే పోండి డాక్టరమ్మా," అన్నాడు మెల్లగా. "ఉప్పు సగం ఇదే."