శ్రవణ్ నమ్మిన యేసు

కొడుకు శవానికి స్నానం చేయిస్తుంటే మెడలో నల్లదారం కనిపించింది. దానికి చిన్న సిలువ వేలాడుతోంది.

వైకుంఠం చేతిలోని చెంబు ఆగిపోయింది.

లాడ్ బజార్‌లో తాతల నాటి గాజుల దుకాణం అతనిది. ఒక్కడే కొడుకు శ్రవణ్‌కుమార్. నిన్న సాయంత్రం బండి మీద వస్తుంటే లారీ గుద్దింది.

వాకిట్లో అప్పటికే లొల్లి మొదలైంది.

"అన్నా, శ్రవణ్ యేసే దేవుడని ఒప్పుకుని మా దగ్గర బాప్తిస్మం తీసుకున్నడు," అన్నాడు సంతోష్‌నగర్ నుంచి వచ్చిన పాస్టరు. "కాల్చొద్దు. సమాధి చెయ్యాలె."

"మీ దగ్గరనా?" శ్రవణ్ దోస్తు ప్రేమ్‌రాజ్ లేచాడు. "అంకుల్, వాడు నాతోని చర్చికొచ్చి మరియ తల్లి ముందల కొవ్వొత్తులు వెలిగిస్తుండె. వీళ్లు ఆ తల్లినే మొక్కరు."

"అది విగ్రహారాధన!"

"నోరు సంభాళించుకో!"

లక్క గాజులు చేసే మున్నీ గోడవారగా నిలబడి కళ్లు తుడుచుకుంటోంది. శ్రవణ్ చిన్నప్పుడు సగం పూటలు అన్నం ఆమె ఇంట్లోనే తిన్నాడు.

"మేము ఈసా నబీ అనే యేసును సిలువ మీద చంపనే లేదు, అల్లా పైకి తీస్కపోయిండు అని నేను చెప్పిన భాయ్," అందామె. "అచ్ఛా హువా ఖాలా, మంచిగైంది అని ఏడ్చిండు పిలగాడు."

"మా దేవుని అర్రల యేసు ఫోటో గూడ ఉన్నది!" వైకుంఠం అరిచాడు. "ఇంతమంది దేవుండ్లల్ల ఆయనొకడు. దానికి గింత లొల్లేంది? నా కొడుకును నేను కాలుస్త!"

వీళ్లందరితో ఇన్ని మాటలు మాట్లాడిన కొడుకు, దుకాణంలో పక్కనే కూర్చుని తనతో ఒక్క ముక్క అనలేదు. అంటే తను వినేవాడేనా? అదీ తెలియదు.

లోపలి నుంచి భార్య సావిత్రి ఏడుపు వినిపిస్తోంది. "పోయెటప్పుడు ఏమన్న అన్నడా నా బిడ్డ? ఎవ్వరన్న చెప్పుండ్రి!"

అప్పుడే నీలం చొక్కా మనిషొకడు గడపలోకి వచ్చాడు. నెరిసిన గడ్డం, తలకు తువ్వాలు. ఎవరూ ఎరుగని ముఖం.

"బాపూ, మీతోని ఒక్క మాట..."

"నువ్వెవని తరఫున? నీ యేసు ఎట్లుంటడు?"

"నాకు గవన్ని తెల్వది బాపూ. ఆ పిలగాడు..."

"బస్! నా కొడుకు గురించి ఇంకొకని నోటెంట వినుడు నాతోని కాదు. నడువ్!"

భుజం పట్టి గెంటాడు. ఆ మనిషి తూలి, గోడ పట్టుకుని నిలదొక్కుకున్నాడు. పాడె గల్లీ దాటేదాకా అక్కడే నిలబడ్డాడు. తర్వాత కనిపించలేదు.

వైకుంఠం అనుకున్నట్టే దహనం చేశాడు. పాస్టరు రాలేదు. ప్రేమ్‌రాజ్ దూరంగా నిలబడి, నిప్పు పెట్టకముందే వెళ్లిపోయాడు.

మరునాడు పొద్దున యాక్సిడెంటు కాగితాల మీద సంతకం కోసం కానిస్టేబుల్ వచ్చాడు.

సావిత్రి అతని చేయి పట్టుకుంది. "బిడ్డా, ఆఖరికి ఏమన్న అన్నడా వాడు?"

"నేను పోయేసరికే పానం పోయిందమ్మా. ఆయన చెప్పలేదా? నేనే మీ అడ్రస్ ఇచ్చి తోలిన."

"ఎవరు?" అన్నాడు వైకుంఠం.

"నీలం అంగి, తలకు తువ్వాల. ఊరుగాని ఊరాయన. మీకు చెప్పి అఫ్జల్‌గంజ్‌ల బస్సెక్కి పోతనన్నడు. పేరు గూడ రాసుకోలేదు నేను."

వైకుంఠం గోడకు ఆనుకున్నాడు. సావిత్రి భర్త ముఖంలోకి చూసింది.

"ఎవరాయన?" అని భర్తనే అడిగింది. కానిస్టేబులే చెప్పాడు.

"అందరు ఫోన్లల్ల వీడియో తీస్తుంటె, మీవాని తలకాయ ఒళ్లె పెట్టుకుని కూసున్నది ఆయనొక్కడే సేటూ, 'మా బాపుకు చెప్పు' అని మీవాడు చెప్పిన మాట ఆయన ఒక్కని చెవులనే పడ్డది."