సెలవుల్లో జరిగింది

వేసవి సెలవులయ్యాక హాస్టల్లో అడుగుపెట్టే ప్రతి డిగ్రీ అమ్మాయీ టీ తాగే కాగితం కప్పులో మూత్రం పట్టి తేవాలి. గర్భం ఉందో లేదో చూస్తారు. ఈసారీ నలభై మందిమి వరసలో నిలబడ్డాం. చేతిలో కప్పు వెచ్చగా తగులుతోంది.

నా గదిలో ఉండే బుద్రికి పరీక్ష పట్టీ మీద రెండో గీత వచ్చింది. అరకు అవతలి కొండల పిల్ల.

వార్డెన్ రత్నాలు మేడమ్ మమ్మల్నిద్దర్నీ ఆఫీసు గదిలోకి పిలిచి, నాకు తెల్లకాగితం ఇచ్చింది. నా దస్తూరీ బావుంటుందట.

"ఆస్పత్రికి పంపండి అమ్మగారూ. తీయించుకుని సదువుకుంటాను," అంది బుద్రి. మేమంతా మేడమ్ అంటాం. అదొక్కతే అమ్మగారూ అంటుంది.

"కడుపు తీయించడం పాపమే గుంటా. సేసుకున్నోలే మొయ్యాలి. మీ కొండోలకి బాధ్యతన్నదే లేదు." మేడమ్ చేతులకు శానిటైజర్ రాసుకుని నావైపు తిరిగింది. "రాయే. సెలవుల్లో మా ఇంటివద్ద జరిగినదానికి నేనే బాధ్యురాలిని. హాస్టలుకు సంబంధం లేదు. ఇష్టపూర్వకంగా చదువు మానేస్తున్నాను. కింద దాని పేరు."

మొదటి వాక్యం మధ్యలోనే ఆగాను.

"ఆగిపోయావేటి?"

"బుద్రి సెలవులకి వాళ్లింటికెళ్లలేదు కదా మేడమ్. రెండు నెలలూ విజయనగరంలో మీ ఇంట్లో వంటకి పెట్టుకున్నారు."

మేడమ్ లేచి తలుపు గడియ వేసి వచ్చింది.

"నాకు తెల్దేటే? అందుకే రాయమంటన్నాను. బేగి కానీ."