మొత్తం తీసెయ్యండి!

"అతుకుల పని నాకొద్దు డాక్టరమ్మా. కుడివైపు ఊపిరితిత్తి మొత్తం తీసెయ్యండి!"

సర్జన్ చేతిలో పెన్ను బల్లమీద పడేసింది. పొద్దుటినుంచి చెప్పి చెప్పి ఆమెకు నోరు నొప్పి పుడుతోంది. అయినా వెలుగుతున్న స్కాన్ ఫిల్మ్ మీద మళ్ళీ వేలు పెట్టింది.

"ఇదిగో, క్యాన్సర్ గడ్డ ఈ పైభాగంలోనే ఉంది. అంతవరకే కోసి, గాలిగొట్టం కొసలు రెండూ కలిపి కుట్టేస్తాం. కిందిదంతా నిక్షేపంలా ఉంది. అది ఉంటే మెట్లెక్కుతారు, మళ్ళీ రంపం పడతారు. మొత్తం తీసేస్తే నాలుగడుగులకే ఆయాసం."

"చెదపట్టిన చెక్కని ఎవరైనా సగం ఉంచుకుంటారా అమ్మా?" అన్నాడు వడ్రంగి.

"మీ ఒళ్ళు చెక్క కాదండీ!"

పక్కనే కూర్చున్న కూతురు తల పట్టుకుంది.

"నాన్నా! ఆవిడ చదువేంటి, నీ మంకుపట్టేంటి? నువ్వు పట్టిన కుందేటికి మూడే కాళ్ళా?"

"మూడే" అన్నాడాయన, తొణక్కుండా.

కాస్త తక్కువ కొయ్యండని బతిమాలే రోగులు సర్జన్‌కు కొత్త కాదు. ఎక్కువ కొయ్యమని పేచీకి దిగినవాణ్ణి ఇప్పుడే చూస్తోంది. తలుపు సందులోంచి నర్సు తొంగిచూసి, బయట జనం గోల పెడుతున్నారన్నట్టు చెయ్యి తిప్పింది.

"జబ్బు అక్కడే మిగిలిపోతుందని భయమా?" సర్జన్ పళ్ళు బిగపట్టి గొంతు మెత్తబరిచింది. "కోసిన అంచుల్ని అక్కడికక్కడే పరీక్ష చేయిస్తాం. శుభ్రంగా ఉంటేనే కుడతాం."

"భయమేం లేదమ్మా."

"మరింకేంటి?"

వడ్రంగి నేలకేసి చూస్తూ కూర్చున్నాడు.

"ఇలా కాదు. కింద కూర్చున్న అమ్మని చక్రాల కుర్చీలో తీసుకొస్తానుండు. నీకు ఆవిడే సరైన మందు!" కూతురు విసవిసా వెళ్ళిపోయింది.

తలుపు మూసుకుంది. సర్జన్ రెండు చేతులూ జోడించింది.

"అయ్యా, మీకో దణ్ణం. బంగారం లాంటి ఊపిరితిత్తిని చేజేతులా ఎందుకు పోగొట్టుకుంటానంటున్నారో, ఇప్పుడైనా చెప్పండి."

వడ్రంగి కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. ఒకసారి తలుపు వైపు చూసి, గొంతు బాగా తగ్గించాడు.

"పోగొట్టుకోవడం దేనికమ్మా? మా ఆవిడకి ఊపిరితిత్తులు రెండూ పాడైపోయాయి, నడుం వాల్చి పడుకోలేకపోతోంది. నాలోంచి తీసిన దాంట్లో బాగున్న ముక్క చూసి, తనకి పెట్టెయ్యండి."