పచ్చచుక్క

ఆస్పత్రుల్లో నర్సమ్మలు పోయి, మంచానికో మరమనిషి వచ్చిన రోజులవి. గంటకోసారి "నొప్పి ఎలా ఉందండీ?" అని అడగడం దాని డ్యూటీ. జవాబును బట్టే మందు.

కాకినాడలో కాన్సరుతో మంచం పట్టిన మంగతాయారు, ఎవరు పలకరించినా "పర్లేదు" అనే మనిషి. మరమనిషికీ అదే మర్యాద చేసింది.

"పర్లేదు బాబూ. నువ్వు అన్నం తిన్నావా?"

తిన్నానంది, దాని దుంప తెగ. నొప్పి లేదని రాసుకుని, కూతురు హైమ ఫోనుకి పచ్చచుక్క పంపింది. డాక్టరుగారూ ఆ చుక్కే చూసి, తన గదిలోంచి కదల్లేదు. తొమ్మిది రోజులూ ఇదే భాగోతం, ఒక్క ఇంజెక్షనూ లేదు. ఆవిడ పోయాక చూస్తే దుప్పటి అంచు నిండా పంటిగాట్లే.

"అమ్మ ఎప్పుడైనా బాగోలేదని చెప్పిందా అన్నయ్యా?" అంది హైమ, పెద్దకర్మ నాడు.

"ఆ యంత్రానికేం తెలుసే?"

"దానికి తెలీదు. మనకేం పోయేకాలం? పచ్చగా ఉందని ఆఫీసులకి పోయాం."

అంతలో ఫోను మోగింది. ఆస్పత్రి మరమనిషే. చెడామడా దులిపేయాలని హైమ కొంగు బొడ్లో దోపుకుంది. చుట్టాలంతా చుట్టూ మూగారు.

"అమ్మగారు పోయారు కదా, మీకిప్పుడు ఎలా ఉందండీ?" అంది తేనె పూసిన గొంతు.

హైమ నోరు తెరిచింది. పుట్టిన దగ్గర్నుంచీ విన్న మాటే ఊడిపడింది.

"పర్లేదు బాబూ."

ఫోను మీద పచ్చచుక్క వెలిగింది.